పాతర, పురి, పొట్లం

తెలుగు దినపత్రికలు చదివేవారికి “నిబంధనలకు పాతర” అన్న శీర్షిక కొత్త కాదు. హామీలకు పాతర వేస్తారు, విలువలకు పాతర వేస్తారు, ప్రజాస్వామ్యానికైతే ఎన్నికలు వచ్చినప్పుడల్లా వేస్తూనే ఉంటారు. ఈ వాడుకలో పాతర అంటే సమాధి. ఒక వస్తువును ఇక కంటికి కనబడకుండా మట్టిలో కప్పెట్టడం. ఈ మాట పుట్టినచోట దాని అర్థం ఇందుకు సరిగ్గా విరుద్ధం. ధాన్యం చెడిపోకుండా, ఏడాది పొడుగునా తినడానికి వీలుగా, నేలలో తవ్వి దాచుకునే గొయ్యి పాతర. మళ్ళీ తీసుకోవడానికే పాతర వేసేవారు. బ్రతుకు నిలుపుకోవడానికి పెట్టుకున్న పేరు చావుకు పేరుగా మారిందంటే, ఈ నడుమ ఆ పనే మన జీవితాలలోంచి తప్పుకున్నదని అర్థం.

మన నుడికారంలో ఇటువంటి శిథిలాలు ఇంకా ఉన్నాయి. ఆయువు తీరినవాడికి “ఈ భూమ్మీద నూకలు చెల్లాయి” అంటాము. బాధ ఎక్కువైతే “పుట్టెడు దుఃఖం” అంటాము. కూర్చున్నచోటనే ఉండి పరుల సొత్తు తినేవాడు “గాదె కింది పందికొక్కు”. నూకలు, పుట్టి, గాదె - ఇవి మూడూ ఒకే ఇంటి సామాను. పంట చేతికి వచ్చిన రోజులలోనే ఏడాదికి సరిపడా తిండిగింజలను సమకూర్చుకుని, కొలిచి, దాచి, ఏ పూటకాపూట తీసుకుని తినే ఇల్లు అది. దీనికే సంవత్సర గ్రాసం అని పేరు.

ఒక్కసారిగా ఎక్కువ సరుకు కొంటే డబ్బు మిగులుతుందనీ, వృథా తగ్గుతుందనీ ఇవాళ గృహనిర్వహణ సలహాలు చెప్పేవారు కొత్త విషయంలా చెబుతుంటారు. ఆ సలహా వెనుక చాలా పాత చరిత్ర ఉన్నది. దానిని స్థూలంగా చెప్పుకోవడం ఈ టపా ఉద్దేశం. చెప్పుకుంటున్నంతసేపూ మనసులో ఉంచుకోవలసిన ప్రశ్న ఒక్కటే: అలా మిగిలిన డబ్బు ఎవరికి మిగిలింది?

*

ముందు దాచే విధానం చూద్దాము. నేలను బట్టి నిల్వ పద్ధతి మారింది. మెట్ట ప్రాంతాలలో, ముఖ్యంగా రాయలసీమలోను తెలంగాణలోను, జొన్నలకు పాతర అనువైనది. వాన తక్కువ, నేల గట్టి, భూగర్భజలం లోతు. గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ చొప్ప గానీ గడ్డి గానీ మందంగా పరచి, గింజలు నింపి, మళ్ళీ గడ్డి కప్పి, పైన మట్టిని వాన నీరు నిలవకుండా గుట్టగా మెత్తేవారు. డెల్టాలో ఈ పని సాగదు. అక్కడ తవ్వితే నీరు. అందుచేత ధాన్యాన్ని నేలకు ఎత్తుగా ఉంచాలి. వెదురుతో అల్లి పేడా మట్టీ అలికిన గాదెలు, చెక్క గాదెలు, మట్టి గరిసెలు, గడ్డిని తాడుగా పేని చుట్టలు చుట్టలుగా పేర్చి కట్టిన పురులు ఇలా వచ్చినవే. గరిసె అన్న మాట కొలతకు కూడా పేరయింది. ఇంగ్లీషు కంపెనీవారు మద్రాసు లెక్కలలో ధాన్యాన్ని ‘గార్స్’లలో రాసుకున్నారు. అది మన గరిసే.

పాతరలో గింజ ఎందుకు చెడదన్నది ఆసక్తికరమైన విషయం. గింజ ప్రాణమున్న వస్తువు. అది ఊపిరి పీలుస్తుంది. అందులోని పురుగులూ పీలుస్తాయి. గాలి చొరకుండా మూసిన గోతిలో ఉన్న కాస్త ప్రాణవాయువూ కొద్దికాలంలోనే తరిగిపోయి, బొగ్గుపులుసు గాలి పేరుకుంటుంది. పురుగులు చస్తాయి, గింజ నిద్రపోతుంది. ఇదే కారణంగా పాతర తెరిచిన వెంటనే అందులోకి దిగకూడదు. మూత తీసి, లోపలి గాలి మారేదాకా ఆగాలి. తొందరపడి దిగి ఊపిరాడక ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. ఇవాళ గాలి చొరని ప్లాస్టిక్ సంచులలో విత్తనాలు దాచే ఆధునిక పద్ధతి, ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనాలయం వారు మట్టి గోడల నడుమ పాలిథీన్ పొర పెట్టి రూపొందించిన పూసా గాదె - రెండింటికీ ఆధారం ఈ సూత్రమే.

ఇంటిలోపలి నిల్వకు మరికొన్ని కిటుకులు. గింజలలో బూడిద కలిపితే అది పురుగు ఒంటిమీది మైనపు పొరను గీసి, పురుగును ఎండగట్టి చంపుతుంది. పప్పులకు ఆముదం పట్టిస్తే పురుగు గుడ్లు బ్రతకవు. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి, తిరగలిలో విసిరి పప్పు చేసుకుంటారు. పొట్టు ఊడిన బద్ద మీద గుడ్లు పెట్టడానికి కందిపురుగు ఇష్టపడదు. అన్నిటికంటె ముఖ్యమైన కిటుకు మరొకటి: దాచేది వడ్లు, బియ్యం కాదు. ఊక గింజకు కవచం. దంచిన తరువాత తవుడులోని నూనె ముక్కిపోతుంది కాబట్టి, కావలసినప్పుడు కావలసినన్ని దంచుకునేవారు. ఎక్కువగా దాచు, తక్కువగా దంచు అన్నది ఆ ఇంటి నియమం. పైగా వడ్లు పాతబడిన కొద్దీ అన్నం విడివిడిగా, ఒదుగుగా వస్తుంది. కాలం గడిచేకొద్దీ విలువ పెరిగే నిల్వ ఇది.

ఈ విద్య ఎంత పాతదో తెలుసుకోవాలంటే కౌటిల్యుని అర్థశాస్త్రం చూడాలి. రెండవ అధికరణంలో కోష్ఠాగారాధ్యక్షుని విధులు చెబుతూ, నిల్వలో సగం జనపదాల ఆపదల కొరకు ఉంచాలనీ, సగమే వాడాలనీ, కొత్తది వచ్చినప్పుడు పాతదాని స్థానంలో పెట్టాలనీ నిర్దేశించాడు. ఇంట్లో అటక మీద డబ్బాలు సర్దుకునేవారికి ఈ మూడో మాట ఇవాళ్టికీ పనికివస్తుంది. కొత్త సరుకు వెనక్కి, పాత సరుకు ముందుకు. ఇది తప్పిన ఇంట్లో ఎంత టోకున కొన్నా లాభం పురుగుల పాలు.

*

ఇక ఈ ఇంటి పంచాంగం. సంక్రాంతి నాటికి కొత్త ధాన్యం. కందులూ అప్పుడే. మాఘ ఫాల్గుణాలలో ఎండుమిరప, పసుపు, చింతపండు. చింతపండును ఈనెలు, పిక్కలు తీసి, ఉప్పు చల్లి, జాడీలలో దట్టించేవారు. వైశాఖంలో మామిడికాయ వచ్చేనాటికి ఈ కారం, ఈ పసుపు, ఆ ఏటి ఆవాలు, నువ్వులనూనె సిద్ధంగా ఉంటాయి కాబట్టి ఆవకాయ సాధ్యమైంది. అదే ఎండలలో వడియాలు, అప్పడాలు, వరుగులు. ఆషాఢంలో ముసురు పట్టి సంతకు పోలేని రోజు వచ్చేసరికి ఇల్లు నిండి ఉండేది.

గమనిస్తే, ప్రతి సరుకునూ అది ఎక్కడపడితే అక్కడ దొరికే నెలలో, అంటే చౌకగా దొరికే నెలలో తెచ్చుకున్నారు. సంవత్సర గ్రాసంలోని పొదుపులో మొదటి భాగం ఇదే: పంటకాలపు ధరకూ వానాకాలపు ధరకూ మధ్య వ్యత్యాసం. రెండవది, నడుమ చేతులు మారకపోవడం. కళ్ళంలో కొన్న గింజకు దళారీ రుసుమూ దుకాణం అద్దె కలవవు. మూడవది, ఏదీ పారవేయకపోవడం. వడ్లు దంచితే బియ్యంతో పాటు నూకలు, తవుడు, చిట్టు, ఊక వస్తాయి. నూకలు పేదవాడి గంజికో ఇంటివారి ఉప్మాకో. తవుడు, చిట్టు పశువుల కుడితిలోకి. ఊక పొయ్యిలోకి. కందిపొట్టు గేదెకు. బియ్యం బస్తాగా కొన్న ఇంట్లో ఈ నాలుగూ లేవు. అవి మిల్లులో మిగిలిపోయి వేరొకరి ఆదాయమయ్యాయి.

ఈ లెక్కలో సాధారణంగా రాయని పద్దు ఒకటున్నది: స్త్రీల చాకిరీ. ఎండబోయడం, చెరగడం, జల్లించడం, రాళ్ళు ఏరడం, దంచడం, విసరడం, మళ్ళీ ఎండబోసి మళ్ళీ ఎత్తడం - ఇవన్నీ జీతం లేని పనులు. దంపుళ్ళపాటలు వినడానికి ఎంత ఇంపుగా ఉన్నా, తెల్లవారకముందే రోకలి పట్టుకున్న చేతుల అలసట వాటి అడుగున ఉన్నది. ఇరవయ్యో శతాబ్దంలో మిల్లులు వచ్చాక ఆ పని తగ్గినందుకు ఆ చేతులు విచారించి ఉంటాయని నేననుకోను. పాత పొదుపును మెచ్చుకునేటప్పుడు ఈ ఖర్చును కూడా లెక్కలో వేయడం న్యాయం.

కొలతల సంగతి కూడా ఒక మాట. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి - ఇరవై తూములు పుట్టి అన్న లెక్క ఒకటే అయినా, ఒక ఊరి కుంచం మరొక ఊరి కుంచం కాదు. కొనే కుంచం ఒకటి, అమ్మే కుంచం ఇంకొకటి అయిన షావుకార్లు ఉన్నారని జనం అనుకునేవారు. తలగొట్టి కొలవడానికీ రాశిగా కొలవడానికీ ఎంత తేడానో కొలిచేవాడికి తెలుసు. తూనికలు కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చి, అటు తరువాత కిలో లెక్క దేశమంతటా స్థిరపడేదాకా, కొద్దికొద్దిగా కొనేవాడు కొన్న ప్రతిసారీ ఆ తేడాను భరించాడు. ఏడాదికి ఒక్కసారి కొలిపించుకునేవాడికి ఆ నష్టం ఒక్కసారే.

*

ఇప్పుడు ఆ ప్రశ్నకు వస్తాను. గాదె ఎవరి ఇంట్లో ఉండేది?

సంవత్సర గ్రాసం సమకూర్చుకోవాలంటే మూడు కావాలి. పంటకాలంలో చేతిలో డబ్బో గింజలో ఉండాలి. దాచుకోవడానికి వాన పడని చోటు ఉండాలి. వాటిని కనిపెట్టి ఉండటానికి ఇంట్లో మనుషులు ఉండాలి. భూమి ఉన్న ఇంటికి ఈ మూడూ ఉన్నాయి. చేతిపనులవారికి కళ్ళం దగ్గర మేర రూపంలో కొన్ని గింజలు దక్కేవి. కూలివారికి కోత కూలి గింజలే. అవి కొన్ని నెలలకు సరిపోయేవి. ఆ తరువాత?

ఆ తరువాత నాగు. నాగు అంటే గింజల అప్పు, గింజల వడ్డీ. వానాకాలంలో పని లేక, తిండి లేక, దొర గాదె దగ్గరకో పెద్దరైతు గాదె దగ్గరకో పోయి ధాన్యం తెచ్చుకుంటే, పంట రాగానే వడ్డీతో కొలవాలి. బస్తాకు బస్తాన్నర కొలిపించుకోవడం చాలా చోట్ల మామూలు. నాలుగైదు నెలలకు ఏభై శాతం! పైగా తీసుకున్నది గింజ ఖరీదుగా ఉన్న కాలంలో, తీర్చేది చౌకగా ఉన్న కాలంలో అని చెప్పి ఈ వడ్డీని సమర్థించేవారు కూడా. ఇందులోని విశేషం చూడండి. కూలివాడు కోసి నూర్చిన గింజలే గాదెకెక్కి, ఆరు నెలలు అక్కడ విశ్రమించి, వడ్డీ వేసుకుని అతని ఇంటికి తిరిగి వస్తాయి. ఒకడికి పొదుపు అయిన ఆరు నెలలే మరొకడికి అప్పు అయ్యాయి. గాదెలో పెరిగిన విలువ గాలిలోంచి రాలేదు.

కరువు వచ్చినప్పుడు ఈ వ్యత్యాసం ప్రాణాల మీదకు వచ్చింది. 1832-33 నాటి నందన సంవత్సరపు కరువును గుంటూరు సీమ డొక్కల కరువు అని గుర్తు పెట్టుకున్నది. 1876-78 నాటి ధాత కరువులో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు నలిగిపోయాయి. మద్రాసు రాజధానిలో లక్షలమంది చనిపోయారు. అప్పటికి రైళ్ళు వచ్చాయి, రేవులలో ఓడలు ఉన్నాయి, ధాన్యం కదులుతూనే ఉన్నది. అయితే అది ధర ఉన్నచోటికి కదిలింది. నిల్వ ఉన్నవాడు ఇంకా ధర పెరుగుతుందని దాచాడు; లేనివాడు పశువులను, పాత్రలను, చివరకు తలుపు చెక్కలను అమ్ముకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగింపులో, 1918లో, ధరలు మండిపోయినప్పుడు మద్రాసు రాజధానిలోని అనేక పట్టణాలలో జనం ధాన్యపు దుకాణాల మీద పడ్డారు. రెండవ యుద్ధకాలంలో నైజాము ప్రభుత్వం లెవీ గల్లా వసూలు చేసినప్పుడు చిన్నరైతు ఇంటి గింజలు కొలుచుకుపోయి, దొరల గాదెలను చూసీ చూడనట్టు వదిలిపెట్టారన్నది తెలంగాణ రైతుల ప్రధాన ఫిర్యాదులలో ఒకటి. 1946 తరువాతి సాయుధ పోరాటంలో అదే గాదెల తలుపులు తెరిచి ధాన్యం పంచారు.

ఇన్ని జరిగిన తరువాత నిల్వ అన్న మాటకు రెండు ముఖాలు స్పష్టమయ్యాయి. సొంతానికి దాచుకుంటే ముందుచూపు, ఊరిది దాచుకుంటే దోపిడీ. ఈ రెండింటికీ నడుమ గీత ఎక్కడ గీయాలన్నది స్వతంత్ర భారతదేశానికీ చిక్కు ప్రశ్నే అయింది. 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం ఆ గీతను గీయడానికే వచ్చింది. వ్యాపారి ఎంత నిల్వ పెట్టవచ్చునో ప్రభుత్వం చెప్పగల అధికారం దాని నుంచే వచ్చింది.

*

గాదె లేనివాడు గాదె ఉన్నవాడి పొదుపును ఎలా సంపాదించుకోగలడు? ఈ ప్రశ్నకు ఒక స్పష్టమైన సమాధానం మన దేశంలో కాక, ఇంగ్లండులోని నేతపని వారి ఊరిలో దొరికింది. భూమి లేక, వారం వారం కూలితో బ్రతికేవారికి అది మొదట తట్టడం సహజమే.

మాంచెస్టరు దగ్గరి రాచ్‌డేల్ పట్టణంలో 1844 డిసెంబరు 21న, టోడ్ లేన్ అనే వీధిలో ఒక చిన్న దుకాణం తెరుచుకున్నది. పెట్టినవారు 28 మంది; ఎక్కువమంది నేతపని, చేతిపనులవారు. వారానికి కొన్ని పెన్నీల చొప్పున నెలల తరబడి కూడబెట్టిన మూలధనం 28 పౌన్లు. అమ్మకానికి పెట్టిన సరుకులు పిండి, వెన్న, చక్కెర, ఓట్సు పిండి, కొవ్వొత్తులు - అంతే. పట్టణంలోని వ్యాపారులు నవ్వుకున్నారట.

వారు పెట్టుకున్న నియమాలలో మూడు మనకు ముఖ్యం. ఒకటి, సరుకు కల్తీ లేనిదిగా, తూకం సరిగా ఉండాలి. ఆ కాలపు ఇంగ్లండులో రొట్టె పిండిలో పటిక కలపడం సర్వసాధారణం కనుక ఇది చిన్న విషయం కాదు. రెండు, అరువు లేదు, రొక్కమే. అరువు పేరుతోనే కూలివాడిని దుకాణదారు కట్టిపడేస్తున్నాడని వారు గుర్తించారు. మూడు, అమ్మకం బజారు ధరకే. మిగిలిన లాభాన్ని మాత్రం ఎవరు ఎంత కొన్నారో ఆ దామాషాలో సభ్యులకే తిరిగి పంచాలి. టోకు ధరకూ చిల్లర ధరకూ మధ్య ఉన్న సొమ్ము ఇలా కొనేవాడి చేతికే తిరిగివచ్చింది. ఒక్కొక్కడి దగ్గర బస్తా కొనే డబ్బు లేదు. ఇరవై ఎనిమిది మంది దగ్గర ఉన్నది. ఒక్కొక్కడి ఇంట్లో చోటు లేదు. అందరికీ కలిపి ఒక గది ఉన్నది. 1863 నాటికి ఇటువంటి సంఘాలన్నీ చేరి మాంచెస్టరులో తమదే అయిన టోకు సంస్థను పెట్టుకోగలిగాయి.

ఈ ఆలోచన మన వైపుకు రావడానికి అరవై ఏళ్ళు పట్టింది. భారతదేశంలో సహకార పరపతి సంఘాల చట్టం 1904లో వచ్చింది. అదే సంవత్సరం మద్రాసులోని తిరువల్లిక్కేణిలో ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ మొదలైంది. అక్కడి హిందూ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి దాని వ్యవస్థాపకులలో ఒకరు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా అప్పటి రాజధాని మద్రాసే. నెలజీతం మీద బ్రతికే గుమస్తాలూ పంతుళ్ళూ ఇక్కడ రాచ్‌డేల్ నేతపనివారి స్థానంలో ఉన్నారు: భూమి వదిలి పట్నం వచ్చినవారు, గాదె లేని అద్దె ఇళ్ళవారు. 1904 చట్టం పరపతికే పరిమితం. వినియోగదారుల సంఘాల వంటి వాటికి చట్టంలో చోటు 1912లో గానీ రాలేదు.

మన్యంలో సమస్య ఇంకొక రకం. కొండవాళ్ళు చింతపండు, పసుపు, అడ్డాకులు దిగువకు తెచ్చి, ఉప్పు, బట్ట, కిరసనాయిలు తీసుకుపోయేవారు. రెండు వైపులా తక్కెడ షావుకారుదే. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయం తానే కొని, నిత్యావసర సరుకులను తన డిపోలలో అమ్మడం మొదలుపెట్టింది ఆ తక్కెడను మార్చడానికే.

*

తరువాతి అధ్యాయం ప్రభుత్వానిది. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. దానిని దేశం మొత్తానికి ఒక గాదెగా అనుకోవచ్చు: పంటకాలంలో కొనడం, దాచడం, ఏడాది పొడుగునా ఒకే ధరకు ఇవ్వడం. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు కూలి ఇంటికి నెల గ్రాసమైనా ఒక్కసారి చేరడం మొదలైంది. గిట్టుబాటు, సబ్సిడీ, రాజకీయాల మీద ఎన్ని వాదాలైనా ఉండవచ్చు. వానాకాలపు నాగు పట్టు సడలడంలో ఆ నెలబియ్యం పాత్ర చిన్నది కాదని మాత్రం నేననుకుంటాను. అయితే దేశపు గాదెకూ ఇంటి గాదె జబ్బులే ఉన్నాయి. చోటు చాలక బయట టార్పాలిన్ల కింద పెట్టిన బస్తాలు తడిసి మొలకెత్తిన వార్తలు మనం చదవని ఏడు లేదు. దాచేవాడికీ తినేవాడికీ దూరం పెరిగినకొద్దీ కనిపెట్టుకుని ఉండే కళ్ళు తగ్గుతాయి.

ఆ దూరాన్ని తగ్గించిన రెండు ప్రయత్నాలను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మొదటిది జహీరాబాద్ ప్రాంతంలోని పస్తాపూర్ కేంద్రంగా 1980లలో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీది. 1990ల మధ్యలో అక్కడి గ్రామ సంఘాల స్త్రీలు, ఎక్కువగా దళిత స్త్రీలు, పడావు పడిన భూములను సాగులోకి తెచ్చుకోవడానికి రైతులకు అప్పులిచ్చి, ఆ బాకీని జొన్నల రూపంలో విడతలుగా తీర్చే ఏర్పాటు చేశారు. ఆ జొన్నలను పట్నం గోదాములకు పంపకుండా ఊళ్ళోనే పెద్ద బుట్టలలో, బూడిదా వేపాకూ వేసి దాచారు. తిండికి కటకటపడే వానాకాలంలో అందరికంటె పేద ఇళ్ళకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు ఎంత పేదవారో ఊరివారే కూర్చుని తేల్చారు. ఒకప్పుడు తమకు నాగు ఇచ్చిన గాదె స్థానంలో తమదే అయిన గాదెను పెట్టుకున్నారన్నమాట.

రెండవది 2000 తరువాతి వెలుగు పథకం కాలంలో పొదుపు సంఘాల మహిళలు చేసినది. గ్రామ సమాఖ్యలు సభ్యుల ఇళ్ళకు రేషను బియ్యం పోను ఇంకా ఎంత కావాలో ముందే లెక్కగట్టి, అంతా కలిపి టోకున బియ్యం కొని, సభ్యులకు అరువుగా ఇచ్చి, వాయిదాలలో వసూలు చేసుకున్నాయి. చిల్లర దుకాణంలో ఏ రోజుకారోజు కొనే ఇంటికి ఇందులో మూడు లాభాలు: ధర తక్కువ, తూకం సరి, వానాకాలంలో అప్పుకు చేయి చాచవలసిన పని లేదు. రాచ్‌డేల్ వారు అరువు వద్దన్నారు, వీరు అరువే ప్రధానమన్నారు. పైకి విరుద్ధంగా కనిపించినా ఉద్దేశం ఒక్కటే. అరువు ఇచ్చేవాడు ఎవడన్నదే అసలు విషయం. సంఘమే ఇచ్చినప్పుడు దాని వడ్డీ తిరిగి సంఘానికే వస్తుంది.

*

ఇప్పటి మాట. సముద్రాలు దాటిన తెలుగు ఇళ్ళకు గాదె ఇరవై పౌన్ల సోనామసూరి సంచి రూపంలో తిరిగి వచ్చింది. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు, అమెరికాలోని భారతీయ దుకాణాల ముందు మనవాళ్ళు బారులు తీరారు. ఒక్కొక్కరు ఐదారు సంచులు బండిలో వేసుకోవడం, దుకాణదారు ధర పెంచడం, కుటుంబానికి ఒక సంచి అని కాగితం అంటించడం - ఇవన్నీ రెండు మూడు రోజులలో జరిగిపోయాయి. నిషేధం 2024 సెప్టెంబరు దాకా సాగింది. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, అందులో పాత పాఠమే ఉన్నది. భయంతో చేసే నిల్వ చౌక కాలంలో జరగదు, ఖరీదు కాలంలో జరుగుతుంది. కనుక అది పొదుపు కాదు. పైగా పక్కింటివాడి వంతు తగ్గిస్తుంది.

వృథా సంగతి కూడా తారుమారైంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో పారబోసిన ఆహారం సుమారు 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్ళలోనే. పెద్ద పెద్ద దుకాణాలలో ఒకటి కొంటే ఒకటి ఉచితం అని తెచ్చుకుని, శీతలపేటికలో మూలకు తోసి, నెల తరువాత పారవేసే ఇంటికి టోకు ధర ఏమి మిగిల్చినట్టు? పాత ఇంట్లో టోకున కొన్నవి గింజలు, పప్పులు, ఎండినవి, ఉప్పులో ఊరినవి మాత్రమే. కూర, పాలు, పండు ఏ రోజుకారోజే. ఏది నిలుస్తుందో, ఏది నిలవదో తెలియడమే ఆ విద్యలో సగం. ఎంతమంది ఉన్నారో, రోజుకు ఎన్ని సోలలో లెక్క తెలియడం మిగిలిన సగం.

ఈ రెండు సగాలనూ ఇవాళ ఎవరైనా నేర్చుకోవచ్చు. నేర్చుకున్నంత మాత్రాన దొరకనిది పంటకాలంలో చేతిలో ఉండవలసిన డబ్బు. అది లేనివాడు వంద గ్రాముల నూనె పొట్లం కొంటున్నాడంటే ముందుచూపు లేకకాదు. అతని కూలి ఆ రోజుదే కనుక కొనుగోలూ ఆ రోజుదే. పొట్లానికి అతడు కట్టే ఎక్కువ ధర లేమికి పడే పన్ను. పొదుపు చేసుకొమ్మని బోధించడం వల్ల ఆ పన్ను తగ్గిన దాఖలా ఈ చరిత్రలో నాకు కనబడలేదు. తగ్గిన ప్రతిచోటా కొందరు కలిసి కొన్నారు, కలిసి దాచారు, కలిసి కొలుచుకున్నారు. టోడ్ లేన్‌లోని గది అయినా, తిరువల్లిక్కేణిలోని దుకాణమైనా, పస్తాపూర్ దగ్గరి జొన్నల బుట్ట అయినా అంతే.

పాతర అన్న మాటకు పత్రికలు ఇచ్చిన అర్థం ఇప్పట్లో మారదు. పది ఇళ్ళవారు కలిసి సంక్రాంతి రోజులలో ఒక రైతు దగ్గర నేరుగా ధాన్యం కొని పంచుకున్నా, ఒక బస్తీలోని స్త్రీలు కలిసి కందిపప్పు బస్తా తెచ్చుకున్నా, ఆ మాట పాత అర్థం అక్కడ కాసేపు లేచి కూర్చుంటుంది.